మెల్లగా పాడిపెట్టిన పాటలు

మహీధర్ బ్యాగు నేనే సర్దాను. దోసావకాయ సీసాకు రెండు కవర్లు చుట్టి స్వెటర్ల మధ్య ఇరికించాను. సీసా పగులుతుందేమో, మంచుకు విమానం ఆగిపోతుందేమో, విన్నిపెగ్‌లో దిగాక ఎవరూ తీసుకెళ్ళడానికి రారేమో అని నాకు ఒకటే గుబులు. తొందరగా వచ్చేస్తామన్నవాళ్ళను చాలామందిని సాగనంపినదాన్ని.

"అమ్మమ్మా, నేనేం వలస పోతలేను. మార్చిల వచ్చి పాటలు పాడిపోత," అని నవ్వాడు.

మహీధర్‌ది హనుమకొండ. ఇక్కడికి, కెనడాకు, చదువుకోవడానికి వచ్చి నా మనవడు సాకేత్‌తో కలిసి బ్యాండ్ పెట్టాడు. టొరంటో పక్కన ఏజాక్స్‌లో మా ఇంటి బేస్‌మెంటే వాళ్ళ అడ్డా. ప్రోగ్రెసివ్ మెటల్ అంటారు దాన్ని. ఏ తాళంలో మొదలైన పాట ఆ తాళంలో ముగియదు. మహీధర్ గొంతు చించుకుని అరిస్తే వంటింట్లో గిన్నెలు కదిలేవి. ఒకనాడు ఇద్దరూ మాటామాటా అనుకుని విడిపోయారు. ఆ తర్వాత నాలుగేళ్ళు సాకేత్ భోజనాల దగ్గర తలెత్తలేదు. చివరికి మహీధరే ఒక ట్యూన్ పంపాడు. మర్నాడే సాకేత్ వెళ్ళి అతన్ని ఇంటికి తీసుకొచ్చాడు.

కొత్త ఆల్బమ్ మొత్తం ఒకటే కథ. రైళ్ళు ఆగడం మానేసిన ప్రెయిరీ మైదానాల స్టేషన్‌లో ఒక ముసలి ఉద్యోగి రోజూ దీపం పట్టుకుని నిలబడతాడు. చివరికి ఎవరైనా దిగుతారా అని అడిగాను. దిగితే అది మెటల్ కాదు, సినిమా అయిపోతుందన్నాడు మహీధర్.

అసలు పాట కంటే ముందు గైడ్ ట్రాక్ అని ఒకటి పాడిపెడతారు. వాయించేవాళ్ళకు దారి తెలియడానికి, గొంతు దాచుకుని పాడేది. తర్వాత దాన్ని చెరిపేస్తారు. మహీధర్ ఆ పాటలన్నీ మధ్యాహ్నాలు అలా పాడిపెట్టాడు. పైకి ఏమీ వినపడలేదేమిట్రా అన్నాను.

"మీరు పండుకున్నరని మెల్లగ పాడిన. అసలుది పాడిననాడు చెవులల్ల దూది పెట్టుకోండ్రి."

ఇక్కడే స్థిరపడడానికి పీఆర్ రావాలంటే విన్నిపెగ్ ఉన్న మానిటోబాలో ఉండి పని చెయ్యాలట. అందుకే వెళ్ళాడు. మార్చిలో లీవు దొరకలేదు. ఏప్రిల్‌లో రమ్మంటే మే అన్నాడు. ఈలోగా పీఆర్‌కి పాయింట్లు చాలలేదు, వర్క్ పర్మిట్ గడువు అయిపోయింది. తనే వెళ్ళి పాడించుకొస్తానని సాకేత్ మైకులు కారులో పెట్టుకున్నాడు. అప్పటికే మహీధర్ గది ఖాళీ చేశాడు. ఇండియాకు తిరిగి వెళ్ళిపోతూ, టొరంటోలో విమానం మారడానికి కొన్ని గంటలు ఉండి కూడా, రెండో విమానం ఎక్కాకే ఫోన్ చేశాడు. మిమ్మల్ని చూస్తే పోలేను అన్నాడట. పాటలు వేరేవాళ్ళతో పాడించుకోమన్నాడట.

సాకేత్ ఇద్దరిని పిలిచి పాడించాడు. ఇద్దరూ బాగానే పాడారు. ఇద్దరినీ పంపేశాడు. చివరికి గైడ్ ట్రాక్‌నే ఉంచి ఆల్బమ్ విడుదల చేశాడు.

ఎవరో నెట్‌లో గొప్పగా రాశారు. నేను ఇంగ్లీషు కూడబలుక్కుంటూ పైకి చదివాను. ఇన్నేళ్ళకు ఈ బ్యాండ్ పాట కట్టడం నేర్చుకుందట, అరిచే గొంతు మెత్తబడి ఎంతో మధురంగా తిరిగొచ్చిందట.

సాకేత్ కంచం పక్కకు జరిపాడు.

"హి వాజంట్ ఈవెన్ సింగింగ్, అమ్మమ్మా. జస్ట్ హోల్డింగ్ ద ప్లేస్."

ఆల్బమ్ కచేరీ కోసమైనా రప్పించాలని మహీధర్ చేత విజిటర్ వీసాకి అప్లై చేయించాడు. రిజెక్ట్ అయింది. రెండోసారి అప్లై చెయ్యమంటే మహీధర్ చెయ్యలేదు. హనుమకొండలో బావగారి మొబైల్ షాపులో కూర్చుంటున్నానని ఒక మెసేజ్ పెట్టాడు. ఆల్బమ్ లింకు పంపితే నీలం టిక్కులు పడ్డాయి, జవాబు రాలేదు. సాకేత్ కచేరీ రద్దు చేశాడు. బేస్‌మెంట్ అద్దెకిద్దామని వాళ్ళ అమ్మ అంటే, ఇచ్చెయ్యమన్నాడు.

మహీధర్ 2024 జూన్ పద్నాలుగున కెనడా వదిలి వెళ్ళాడు. తిరిగి రాలేదు.