డాబా మీద నీళ్లు

సొంతింట్లో కాలుపెట్టి ఇన్నాళ్లయినా ఆ ఇంట్లో గోడ గడియారం ఫ్రిజ్ మీద కూర్చునే టైము చెబుతోంది. అద్దం బకెట్టుకి చేరగిలబడి ఉంది. కాలం చేసిన పెద్దాయన ఫోటో మంచం కింద అట్టపెట్టెలో, పాత పేపర్ల మధ్య పడుకుని ఉంది. గోడలకి ఒక్క మేకు దిగలేదు.

దిగనివ్వనిది ఇంటాయన గుమాస్తా. పుట్టింది అద్దె ఇంట్లో, పెరిగింది అద్దె ఇంట్లో, తల నెరిసింది కూడా అద్దె ఇంట్లోనే. మేకు కొడితే ఓనరు ఊరుకోడు. కుళాయి కారితే ఓనరుకి చెప్పాలి. తలుపు బిగుసుకుంటే ఓనరు వడ్రంగిని పంపేదాకా భుజంతో నెట్టుకోవాలి. ఇవన్నీ ఆయన ఒంట్లో ఎముకలతో పాటే పెరిగాయి. ఇల్లు కొన్నంత మాత్రాన ఎముకలు మారవు కదా.

ఆయన భార్యది వేరే తీరు. వీధి వైపు గదిలో కుట్టుమిషను పెట్టుకుని నాలుగు వీధులకీ బట్టలు కుడుతుంది. అందరూ టైలరమ్మ అనే పిలుస్తారు. ఇంటి తాళాలు చేతికొచ్చిన రోజే, సామాన్లు ఇంకా బండి మీదుండగానే, నీళ్ల మెయిన్ వాల్వు ఎక్కడుందో వెతికింది. అది తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉంటే మిషను నూనె చుక్కలు వేసి, అటూ ఇటూ తిప్పి దారికి తెచ్చింది. కిర్రుమనే తలుపు బందులకీ అదే నూనె. ఏ స్విచ్చు ఏ గదిదో తెల్లగుడ్డ పీలికల మీద రాసి కరెంటు పెట్టెలో అతికించింది.

"కొత్తింట్లో అప్పుడే రిపేర్లేమిటే? మంచిది కాదేమో," అన్నాడు గుమాస్తా.

"కొత్త చొక్కా తొడుక్కునే ముందు కుట్లు లాగి చూడరూ? ఇదీ అంతే. చిరిగాక చూస్తే అతుకు వేయాలి, ముందే చూస్తే ఒక్క కుట్టుతో పోతుంది," అంది ఆమె.

అంతవరకూ బాగానే ఉంది. అసలు చిక్కు పక్కింట్లో ఉంది.

పక్కింటాయన ఈ ఇంటికి పాత ఓనరు. ఇల్లు అమ్మాడు గానీ పెత్తనం అమ్మలేదు. గేటు తీసుకుని నేరుగా లోపలికి వచ్చేవాడు. "ఏమయ్యా గుమాస్తా, ఆ కిటికీ అంత బారెడు తెరిచి పెట్టారేం? గోడలు జాగ్రత్త. నా చేతులతో కట్టించిన ఇల్లు!" అనేవాడు. ఆయన గొంతు వినబడితే చాలు, గుమాస్తా తింటున్నవాడల్లా లేచి నిలబడేవాడు. "అలాగేనండి, సరేనండి," అనేవాడు. ఇంటి కాగితాలు తన పేరు మీదే ఉన్నాయన్న సంగతి ఆ మనిషికి ఆ క్షణంలో గుర్తుండేది కాదు.

మొదటి వాన పడిన మర్నాడు, వెనక గదిలో దేవుడి అలమర పైన, కప్పు మూలలో తడి మచ్చ కనిపించింది. ఆ గది టైలరమ్మ అత్తగారిది. ఆవిడ మంచం, ఆవిడ దేవుడు, ఆవిడ దీపం అన్నీ అక్కడే. టైలరమ్మ స్టూలెక్కి, గుడ్డ మీద కొలతలు గీసే సుద్దతో ఆ మచ్చ చుట్టూ గీత గీసింది. మళ్లీ వాన పడింది. మచ్చ గీత దాటింది. దాని చుట్టూ ఇంకో గీత గీసింది.

గుమాస్తా ఆఫీసు నుంచి వచ్చి చూసి గుండెలు బాదుకున్నాడు. "కప్పు మీద గీతలు గీస్తున్నావా! ఓనరు చూస్తే ఏమంటాడు?"

టైలరమ్మ స్టూలు మీదనుంచే కిందికి చూసింది. "ఎవరండీ ఓనరు?"

ఆయన చెప్పులు విప్పుకోవడానికి బయటికి పోయాడు. చెప్పులు అప్పటికే విప్పేశాడు.

మర్నాడు ఆమె పాత ఓనరు దగ్గర నిచ్చెన అడిగి తెచ్చి డాబా ఎక్కింది. ఆ డాబాకి మెట్లు లేవు. పైన ఎండుటాకులు, ఎవరిదో తెగిపోయిన గాలిపటం, వాటి మధ్య కాలి మడమ మునిగేంత నీళ్లు. పక్కింటి వైపు పిట్టగోడ అడుగున నీళ్లు పోయే తూము ఉండాలి. ఆకులు ఊడ్చి చూస్తే తూము ఉంది, కానీ దాని నోటినిండా సిమెంటు. ఎవరో గోనెగుడ్డ కుక్కి, పైన సిమెంటు మెత్తి, తాపీతో నున్నగా కూడా చేశారు. పోవడానికి దారి లేని నీళ్లన్నీ మూలకి చేరి, పిట్టగోడా కప్పూ కలిసేచోట సన్నటి నెరియలోకి ఇంకిపోతున్నాయి.

కారేది అక్కడినుంచేనా అని రూఢి చేసుకోవాలి. ఆమె కిందికి దిగి, తెల్లబట్టలకి పెట్టే నీలాన్ని బకెట్టు నీళ్లలో చిక్కగా కలిపి, పైకి మోసుకెళ్లి ఆ మూలలో పోసింది.

తెల్లవారి అత్తగారి కేక ఇల్లంతా మోగింది. "అమ్మాయ్! ఒరేయ్ నాయనా! ఇలా రండర్రా!" కొడుకూ కోడలూ పరుగున వచ్చారు.

దేవుడి అలమర మీద, దీపం పక్కన, నీలి చుక్క. కప్పు మీద మచ్చ అంచులో ఇంకో చుక్క రాలడానికి సిద్ధంగా వేలాడుతోంది. అత్తగారు చేతులు జోడించి, కళ్ల నీళ్లు పెట్టుకుని నిలబడింది. "ఇన్నేళ్లు మొక్కినందుకు నా ఇంట్లో మహిమ చూపించాడు!"

టైలరమ్మ అత్తగారి వంక చూసింది. అంత సంతోషం ఆ ముఖంలో ఈమధ్య చూడలేదు. కానీ దేవుడి ముందు నిలబడి అబద్ధం ఎలా ఆడటం?

"అత్తయ్యా, అది బట్టల నీలం. నిన్న నేనే డాబా మీద పోశాను."

అత్తగారు జోడించిన చేతులు మెల్లగా దించింది. చుక్క వంకా కోడలి వంకా మార్చి మార్చి చూసింది. "అయితే మహిమ కాదన్నమాట."

"ఎందుకు కాదత్తయ్యా? కారేది ఎక్కడినుంచో అడిగాను, చూపించాడు. ఇంక చీపురూ సుత్తీ పట్టుకోవాల్సింది మనమే."

అత్తగారు తల ఊపింది. "అదీ నిజమే. మొన్నటిదాకా గోడ తడికి చల్లబడితే దేవుడిచ్చిన శాంతి అనుకున్నానే నేను," అని తనే నవ్వేసింది. అంతలోనే కప్పు నుంచి అరచేయంత పెచ్చు ఊడి, టప్పుమని ఆవిడ దిండు మీద పడింది. ఇంకొంచెం ముందైతే తల అక్కడే ఉండేది. ముగ్గురికీ నవ్వు ఆగిపోయింది.

"అత్తయ్యా, మీ మంచం ముందు గదిలోకి మారుద్దాం."

"నేను రాను. దేవుణ్ణి పెచ్చుల కింద వదిలేసి నా తల కాపాడుకుంటానా? మార్చేది కప్పునే మార్చండి," అంది అత్తగారు, ఊడిన పెచ్చు చేత్తో తీసి పక్కన పెట్టి. కొడుకు ఎంత బతిమాలినా మంచం కోడు వదల్లేదు.

గుమాస్తా ఆ పూటే పక్కింటికి వెళ్లాడు. వెంట భార్య కూడా వెళ్లింది. పాత ఓనరు వరండాలో పడక్కుర్చీలో ఉన్నాడు. ఆయన వెనక గోడ కొత్త రంగుతో మిలమిలా మెరుస్తోంది.

"ఆ తూమా? నేనే మూయించాను," అన్నాడు ఆయన, దాచుకోవాల్సిన విషయమే కాదన్నట్టు. "దాంట్లోంచి నీళ్లు పడితే నా గోడంతా బురద చిందుతుంది. డాబా మీద నీళ్లకేం, ఎండకి అవే ఆరతాయి."

"పెచ్చులు ఊడుతున్నాయి అన్నయ్యగారూ. పెద్దావిడ తల మీద పడబోయింది," అంది టైలరమ్మ. "మీ గోడ తడవకుండా నేను గొట్టం..."

"నీకు తెలీదు చెల్లెమ్మా. ఆ ఇల్లు నేను కట్టించాను. వానలు వెళ్లాక నేనే వచ్చి చూస్తాను. అందాకా ఎవరూ ముట్టుకోవద్దు. ఏమయ్యా గుమాస్తా?" అని ఆయన లేచి లోపలికి వెళ్లిపోయాడు.

"సరేనండి," అన్నాడు గుమాస్తా ఖాళీ పడక్కుర్చీతో.

టైలరమ్మ తమ గేటు దగ్గర ఆగింది. "వానలు వెళ్లాక చూసేదేముందండీ? గొడుగులు ఎండబెట్టుకోవడమా?"

"పెద్దమనిషి. మాట కాదంటే ఏం బాగుంటుంది? కట్టించిన మనిషాయె."

"కట్టించాడు, కాదనను. నేనూ ఎందరికో బట్టలు కుట్టాను. నేను కుట్టానని వాళ్ల ఒంటి మీద గుండీలు నేను పెడతానా?"

గుమాస్తా తల వంచుకుని ఆఫీసు సంచీ తగిలించుకున్నాడు. సందు మలుపు తిరిగేముందు ఒకసారి ఆగి డాబా వంక చూశాడు. మళ్లీ నడిచాడు.

మధ్యాహ్నానికి ఆకాశం తారు డబ్బాలా నల్లబడింది. టైలరమ్మ మిషను మీద సగం కుట్టిన కర్టెను అలాగే వదిలేసింది. ఇనుప సామాను కొట్టుకి వెళ్లి వంపు గొట్టం, బారు గొట్టం, ఒక బిగింపు పట్టీ తెచ్చింది. చీర కుచ్చిళ్లు నడుముకి బిగించి, ఉలీ సుత్తీ గొట్టాలూ సంచీలో వేసుకుని నిచ్చెన ఎక్కింది. కింద అత్తగారు గొడుగు వేసుకుని నిచ్చెన పక్కన నిలబడింది. దిగమనలేదు. "జాగ్రత్తగా కొట్టవే, వేళ్లు చూసుకో. ఇక్కడ నేను దేవుణ్ణి తలుచుకుంటుంటాను, అక్కడ నువ్వు పని కానీ," అంది.

సుత్తి మొదటి దెబ్బకే పక్కింటి తలుపు తెరుచుకుంది.

"ఎవరది పైన? ఎవర్నడిగి కొడుతున్నావమ్మా?"

"ఎవర్నీ అడగలేదు అన్నయ్యగారూ," అంది టైలరమ్మ, ఉలి సరిచేసుకుంటూ. చినుకులు మొదలయ్యాయి.

"దిగు ముందు! ఆడది డాబా ఎక్కి సుత్తి పట్టుకోవడమేమిటి, వీధి వీధంతా చూస్తుంటే!"

"చూడనివ్వండి. వాళ్ల డాబాల మీదా ఆకులున్నాయి. చూస్తే గుర్తొస్తుంది."

పాత ఓనరు ముఖం జేవురించింది. సందు దాటి వచ్చి నిచ్చెన పట్టుకున్నాడు. "ఇల్లు మీరు కొన్నారేమో, నిచ్చెన నాది. దిగుతావా, తీసుకుపోనా?"

టైలరమ్మ పిట్టగోడ మీంచి తొంగి చూసింది. ముఖం మీద వాన నీళ్లు కారుతున్నాయి. "తీసుకెళ్లండి అన్నయ్యగారూ. పని అయ్యేదాకా నాకు దాంతో అవసరం లేదు."

ఆయన నిచ్చెన ఒక పక్కకి లాగాడు. అత్తగారు గొడుగు మడిచి, రెండు చేతులతో ఇంకో పక్క పట్టుకుంది. "ముందు నన్ను లాగు నాయనా," అంది. ఆయన పాపం ఏం చేయగలడు? లాగితే ముసలావిడ పడుతుంది, వదిలితే పరువు పోతుంది. పైన సుత్తి ఆగలేదు. టంగ్, టంగ్.

అప్పుడే గుమాస్తా గేటు తీసుకుని వచ్చాడు. మబ్బు చూసి ఆఫీసులో కూర్చోలేకపోయాడు. తడిసి ముద్దయ్యాడు. సంచీ ఇంకా భుజానే ఉంది.

"వచ్చావా! రావయ్యా, రా!" అన్నాడు పాత ఓనరు, సాక్షి దొరికినట్టు. "చూడు నీ భార్య వాలకం! వద్దన్న పని చేస్తోంది. నువ్వు సరేనన్నావా లేదా? ఇది ఎవర్నడిగి చేస్తున్నట్టు?"

గుమాస్తా అలవాటుగా నోరు తెరిచాడు. "సరే" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. నిచ్చెన పట్టుకున్న తల్లి చేతులు కనిపించాయి, ఆ చేతుల మీద వాన పడుతోంది. పైకి చూశాడు. పిట్టగోడ మీంచి భార్య ఇటే చూస్తోంది. సుత్తి ఆగింది.

"ఓనరునే అడిగానండి," అన్నాడు గుమాస్తా. "సరే అంది."

పాత ఓనరుకి కాసేపు అర్థం కాలేదు. అర్థమయ్యాక చేతుల్లోంచి నిచ్చెన జారింది. గుమాస్తా ముందుకొచ్చి దాన్ని గోడకి ఆనించి, కాలు అడ్డంపెట్టి నిలబడ్డాడు. "నిచ్చెన మీదే, కాదనను. పనవగానే తుడిచి తెచ్చిస్తాను. ఇప్పుడు మాత్రం ఇక్కడే ఉంటుంది," అన్నాడు.

పైన సిమెంటు విరిగిన చప్పుడైంది. కుళ్లిన గోనెగుడ్డ ఊడివచ్చింది. వెనకే నీళ్లు, ఆకులు, నిన్నటి నీలం మరకలు అన్నీ కలిసి బుసకొడుతూ తూములోంచి దూకి పాత ఓనరు కొత్త రంగు గోడని నిలువునా తడిపేశాయి.

"నా గోడ!" అని ఆయన అరిచాడు.

"ఒక్క నిమిషం!" అని పైనుంచి టైలరమ్మ అరిచింది. తూములో వంపు గొట్టం దిగ్గొట్టి, బారు గొట్టం తొడిగి, పట్టీ బిగించింది. నీళ్లు గోడని వదిలి, గొట్టంలో గడగడమంటూ దిగి, సందు కాలువలో పడ్డాయి. పాత ఓనరు గోడ మీద మాత్రం ఓ నీలి చార మిగిలింది.

"గొట్టం ఉందని ముందే చెప్పొచ్చుగా?" అన్నాడు ఆయన, కొంచెం తగ్గి.

"చెప్పబోయాను అన్నయ్యగారూ. ఈలోపు మీరు లేచి వెళ్లిపోయారు. ఆ చార ఎండాక నేనే వచ్చి తుడుస్తాను."

ఆయన గొట్టం చివర కాలువలో పడుతున్న ధార వంక చూస్తూ కాసేపు వానలోనే నిలబడి ఇంటికి వెళ్లిపోయాడు. మర్నాటి నుంచి గేటు దగ్గర ఆగి పిలిచి మరీ వచ్చాడని చెప్పడానికి లేదు. అలవాటు అంత తేలిగ్గా పోతుందా? కానీ ఆయన వచ్చినప్పుడు గుమాస్తా కూర్చునే మాట్లాడటం మొదలుపెట్టాడు.

ఆ సాయంత్రం అత్తగారు అలమర తుడిచి, దీపం తిరిగి దాని చోట పెట్టింది. నీలి చుక్కని మాత్రం తుడవలేదు. ఎందుకని కోడలు అడగలేదు. మూలలో నెరియకి ఎండ కాశాక సిమెంటు పూయాలి, పెచ్చులూడినచోట గచ్చు చేయించాలి, డాబా ఊడ్చే పని వానలు పోయేదాకా ఉంటుంది.

టైలరమ్మ తల తుడుచుకుంటుంటే గుమాస్తా వచ్చాడు. చేతిలో సుత్తి, చంకలో తండ్రి ఫోటో.

"కొట్టమంటావా?" అన్నాడు, గోడ వంక చూస్తూ.

"నన్నడుగుతారేం?"

ఆయన మేకు పెట్టి ఒక్కటి వేశాడు. మేకు వంగిపోయి, సున్నం పెళ్ల రాలింది. ఆయన భయంగా వీధి తలుపు వంక చూశాడు. ఎవరూ రాలేదు.

ఇంకో మేకు తీసుకున్నాడు.