నాలుగు వేల దగ్గర ఏడు

నందిగామ కాలేజీలో లెక్కలు చెప్పే అక్షయ బండి ఆపకముందే ముదస్సిర్‌కు పెట్రోలు వాసన గుప్పున కొట్టింది. జగ్గయ్యపేట చుట్టుపక్కల ఏ ఫ్యూయల్ ఇంజెక్షన్ బైకుకు జబ్బు చేసినా అతని షెడ్డుకే తెస్తారు.

"ట్యూనర్ పెట్టించి వారమైందన్నా. నాలుగు వేల ఆర్‌పీఎం దగ్గరికి రాగానే దగ్గుతోంది. నల్లపొగ కూడా వస్తోంది."

సీటు ఎత్తితే అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద నల్ల ట్యూనర్ డబ్బా కనిపించింది. ఏ వేగం దగ్గర ఇంజిన్‌కు పెట్రోలు ఎంత పెంచాలో, ఎంత తగ్గించాలో చెప్పేది అదే. దాన్ని బిగించడం అరగంట పని. అందులో అంకెలు కుదర్చడానికే మనిషి నడుం విరుగుతుంది. ముదస్సిర్‌కు ఆరు నెలలు విరిగింది. పెనుగంచిప్రోలు రోడ్డు మీద స్నేహితుడు స్తెఫను తన బండి నడిపేవాడు. వెనక ముదస్సిర్, గ్రీజు మరక అంటనివ్వని తెల్ల తువ్వాలుతో ల్యాప్‌టాప్‌ను ఒళ్లో కట్టుకుని, ఒక్కో అంకే సరిచేసేవాడు. ఇద్దరూ ఒకే మేస్త్రి దగ్గర పానాలు తుడిచి పని నేర్చినవాళ్లు. నందిగామలో కలిసి షాపు పెట్టాలని అనుకున్నారు. "ఇంకా గది దొరకలేదురా" అని స్తెఫను మొన్న ఆదివారం కూడా చెప్పాడు. ముదస్సిర్ నమ్మాడు. నమ్మక ఏం చేస్తాడు, ప్రాణస్నేహితుడాయె!

వైరు తగిలించి ల్యాప్‌టాప్ తెరిచాడు. అంకెల గళ్లు వరసగా వచ్చాయి. అన్నీ తెలిసిన అంకెలే. నాలుగు వేల దగ్గర చూసి ఆగిపోయాడు. అక్కడ ఏడు ఉంది.

ఆ ఏడు లోకంలో ఒకే ఒక్క బండికి కావాలి. స్తెఫను బండి ఇంజెక్టర్ ఆ వేగం దగ్గర పెట్రోలు సరిగా చిమ్మదు. కొత్తది వేయించరా అంటే మహానుభావుడు వినడు. ఆ లోటు పూడ్చడానికి ముదస్సిర్ అక్కడ ఏడు శాతం పెంచాడు. నిక్షేపంలాంటి బండికి అదే పెడితే పొలమారక ఏమవుతుంది?

"ఎక్కడ పెట్టించారండీ?"

"మా ఊళ్లోనే, స్తెఫను గారి షాపులో. తెరిచి నెలైంది. ఈ సెట్టింగు ఆయనే ఆరు నెలలు కష్టపడి చేశారంట."

ముదస్సిర్ మళ్లీ ల్యాప్‌టాప్ వైపు తిరిగాడు. ఏడు తీసేసి సున్నా పెట్టాడు. బండి దగ్గు మానేసింది. ఆమె సంతోషంగా వెళ్లిపోయింది.

సాయంత్రం స్తెఫను ఫోన్ చేశాడు.

"ఒరేయ్, చిన్న డౌటురా. ఎవరిదో బండి, ట్యూనర్ పెడితే నాలుగు వేల దగ్గర దగ్గుతోందంట. ఏం చెయ్యాలంటావ్?"

"ఎన్ని బండ్లురా?"

అవతల బిల్లు పుస్తకం తిరగేస్తున్న చప్పుడు వినిపించింది.

"పదకొండు" అన్నాడు చివరికి.

"ఆ గడిలో ఏడు తీసి సున్నా పెట్టు. అన్నిటికీ పెట్టు. నీ బండికి మాత్రం తియ్యమాక."

"అదేంట్రా?"

"అది నీకోసం పెట్టిందిరా. నువ్వు దారిలో ఆగిపోకూడదని పెట్టా."

"ముదస్సిర్, ఒక్క మాట వినరా..." అంటూనే ఉన్నాడు స్తెఫను. ముదస్సిర్ ఫోన్ పెట్టేశాడు. కొక్కేనికి వేలాడుతున్న తెల్ల తువ్వాలు తీసి, చేతులకున్న గ్రీజంతా దానికే తుడుచుకున్నాడు.