వెండి చుక్క

బిడ్డ నా జాకెట్ లోపల, నా రొమ్ముకు ఆనుకుని ఉంది. నెలలు నిండని పసిగుడ్డు. దాని పాదాలు చల్లబడుతున్న సంగతి నా ఒంటికి తెలుస్తూనే ఉంది. తల్లి రూప్లి రక్తం పోయి పక్క మంచం మీద వణుకుతోంది. తన ఒంట్లోనే వేడి లేదు, బిడ్డకేమిస్తుంది? బయట డిసెంబరు చలి. బంద్ అని భద్రాచలం రోడ్డుకడ్డంగా చెట్లు నరికి పడేశారు. సాయంత్రం దాకా బండి రాదు.

నేను నర్సుగా ఉన్న ఈ అడవి దవాఖానాలో పసిపిల్లల్ని వెచ్చగా ఉంచే మిషన్ ఒక్కటే. పొద్దున దాని సెన్సార్ తీగ ఊడింది. అది లేనిదే మిషన్ నడవదు. తీగ అతకాల్సింది కాగితమంత పల్చటి ప్లాస్టిక్ మీద. మామూలు సోల్డరింగ్ వేడికి ప్లాస్టిక్ ముడుచుకుపోతుంది.

అదృష్టం కొద్దీ నా మేనకోడలు ఆరాధన క్రిస్మస్‌కి మా ఊరు కారేపల్లి వచ్చి, నన్ను చూడడానికి ఇక్కడికొచ్చింది. యూనివర్సిటీలో పరిశోధన చేస్తోంది. వెండి కరగాలంటే కొలిమి కావాలి గానీ, కంటికి కనపడనంత చిన్న కణాలైతే ఇస్త్రీపెట్టె వేడికే మెత్తబడి అతుక్కుంటాయట. పరీక్షకివ్వాల్సిన అలాంటి వెండి ముద్ద చిన్న సీసాలో, ఐసు డబ్బాలో పెట్టుకుని వెంట తెచ్చింది. ఇంజెక్షన్ సూదితో రవ్వంత లాగి చూసి, పనికొస్తుందని సూదిని ఐసు డబ్బాలో పెట్టింది.

ఇస్త్రీపెట్టె తెచ్చేలోగా సీసా మాయమైంది. మా ఆయా అంతోనమ్మ దాన్ని మరియమ్మ పటం ముందు, వెలిగే కొవ్వొత్తుల మధ్య పెట్టి జపమాల తిప్పుతోంది. దవాఖానాకి ఏ కొత్త మందొచ్చినా ముందు అక్కడ పెట్టనిదే ఆమెకు తోచదు. సీసా ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది.

నున్నటి ముద్ద కాస్తా ఇసుకలా అయింది. ఆరాధన మొహం పాలిపోయింది.

"కణాలు సీసాలోనే ఒకదాంతో ఒకటి కలిసి పెద్దగైనయ్ అత్తా. ఇంక ఇస్త్రీపెట్టెకు కరగవు."

అయినా రాసి చూసింది. పొడి రాలిపోయింది. నాకు ఒళ్లు మండింది. నీ భక్తి పసిగుడ్డు ప్రాణం తీస్తోందని ఆ ముసలిదాన్ని నోటికొచ్చినట్టు తిట్టాను. ఆమె తల వంచుకుని నిలబడింది. నా రొమ్ము మీద బిడ్డ ఊపిరి ఆగి, మళ్లీ అందుకుంది.

అప్పుడు ఆరాధనకు సూది గుర్తొచ్చింది. అది ఐసులోనే ఉంది. దాని కొనలో ఒక్క చుక్క. తీగ మీద వేసి, గుడ్డ కప్పి, ఇస్త్రీపెట్టె ఆనించింది. నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి మిషన్ దీపం వెలుగుతోంది.

బిడ్డను లోపల పెట్టాం. కానీ ఆ ఒక్క చుక్కతో పట్టు గట్టిగా లేదు, తీగ కదిలితే ఊడుతుందని ఆరాధన అంది. ఆ మాట పూర్తికాకముందే అంతోనమ్మ నేల మీద కూలబడి, అతుకు దగ్గర తీగను రెండు వేళ్లతో పట్టుకుంది. నీళ్లు తాగమన్నా తాగలేదు. జపానికి పెదవులు కూడా కదపలేదు. నేను రూప్లిని చూసుకుంటూ, మధ్యమధ్య బిడ్డ పాదాలు తడిమాను. మెల్లగా వెచ్చబడ్డాయి.

పొద్దుగూకే వేళకు దారి తెరిచారు. తల్లీబిడ్డల్ని భద్రాచలం పెద్దాసుపత్రికి జీపెక్కించాం, ఆరాధన తోడు వెళ్లింది. లోపలికొస్తే అంతోనమ్మ ఖాళీ మిషన్ దగ్గర తీగ పట్టుకుని అలాగే కూర్చుని ఉంది.

"ఇంక ఇడువు, బిడ్డ జీపుల పొయ్యింది గదా," అన్నాను.

"భద్రాచలం జేరినట్టు ఫోన్ రానీ సిస్టరమ్మా. అప్పుడిడుస్త."

ఫోను తెచ్చి ఆమె ముందు పెట్టాను. స్టూలు లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాను.