ఒక బిళ్ళకు ఒక నిద్ర

నా నిద్ర గనిలోంచి పైకి రాలేదు. సోమవారం షిఫ్టు మారినప్పుడు నేను ఎక్కి వచ్చాను, అది కిందే ఉండిపోయింది. ఇవాళ్టికి పంతొమ్మిది రోజులు.

డాక్టరమ్మ నా నుదుటికి చెవి ఆనించి వింటుంది. "లోపల గడియారం ఆడుతూనే ఉంది. అది వెలుతురు చూసి టైం దిద్దుకుంటుంది. నువ్వు వారానికో షిఫ్టు మారితే అదేం చేస్తుంది పాపం? నిద్రను తెచ్చుకో. నిద్ర లేకుండా ఇంకో వారం పనిచేస్తే గుండె ఊరుకోదు."

ఇవాళ మధ్యాహ్నం మూడింటికి ఆ గనిని శాశ్వతంగా మూసేస్తున్నారు. పదింటికే దీపాల గదికి వెళతాను. గనిలోకి దిగేవాళ్ళకు దీపాలిచ్చే ఓదెలన్న నా 417 నంబరు ఇత్తడి బిళ్ళ చేతిలో పెడతాడు.

"ఒక్క బిళ్ళ మీద ఒక్క నిద్రే వస్తది తమ్మీ. రెండోదానికి దీపం లేదు."

గని కింద నిద్రలన్నీ బూట్లు తలకింద పెట్టుకుని వరుసగా పడుకుని ఉన్నాయి. 417 దగ్గర రెండున్నాయి. ఒకటి నాది. ముసలిది మా బాపుది. బాపు గని పనికి అన్‌ఫిట్ అయ్యాక ఆయన ఉద్యోగం నాకొచ్చింది, దాంతోపాటే ఈ నంబరూ వచ్చింది. ఇరవై రెండేళ్లుగా ఆయన మంచంలో కళ్ళు తెరుచుకునే ఉంటున్నాడు. వయసు మీద పడిందనుకుని ఊరుకున్నాను. సిగ్గుగా ఉంది.

నా నిద్ర పక్కకు జరుగుతుంది. "బాపుదే తీస్కపో. నాకు అలవాటైతది."

ముసలిదాన్ని భుజాన వేసుకుంటాను. తడిసిన గొంగడంత బరువుంది. ఎక్కుతున్నంతసేపూ ఏడుస్తాను.

మూడు దాటాక దాన్ని బాపు పక్కన పడుకోబెడతాను.

"నీదేదిరా?" అంటాడు బాపు.

"ఎనుక వస్తున్నది బాపూ."

ఆయన నమ్మి కళ్ళు మూసుకుంటాడు.

ఆయన గురక పెట్టినప్పుడల్లా ఇల్లు ఒక అడుగు కిందికి దిగుతుంది. కిటికీలోంచి ముందు పక్కింటి గోడ, తర్వాత మట్టి, ఆ తర్వాత బొగ్గు పైకి పోతాయి. సాయంత్రానికి ఊచల అవతల నా నిద్ర కనిపిస్తుంది. లోపలికి లాక్కోవాలంటే ఇల్లు ఆగాలి. ఇల్లు ఆగాలంటే బాపును లేపాలి.

నేను లేపను. నా నిద్ర ముఖం, చేతులు, చివరికి పాదాలు పైకి వెళ్ళిపోతాయి. వాటి కింద బొగ్గు అయిపోయి, కిటికీ నిండా రేపటి పొద్దు పొడుస్తుంది. ఆ వెలుగు బాపు కళ్ళ మీద పడకుండా కిటికీకి వీపు ఆనించి నిలబడతాను. నా నీడ ఆయన మీద పడుతుంది. బాపు నిద్రలోనే దాన్ని గడ్డం దాకా లాక్కుని, అంచులు వీపు కిందికి దోపుకుంటాడు.