ఏడు మ్యాట్ల కింది నేల

నేను ఒక క్లచ్ పెడల్ని. కారులో డ్రైవరు ఎడమ కాలి కింద పడుండే ఇనప ముక్కని. స్టీరింగుకి దణ్ణం పెడతారు, బానెట్టుకి బొట్టు పెడతారు, ముందు బంపరుకి నిమ్మకాయలు కడతారు. నాకు మాత్రం చెప్పులకంటిన పేడ. కాబట్టి నా కథలో సువాసనలు వెతక్కండి. మనుషుల్ని మొహం చూసి అంచనా వేసేవాళ్ళు వేరు. నేను మడమలు చూసినదాన్ని. నాకు వాళ్ళంటే రోత పుట్టిందంటే ఆ తప్పు నాది కాదు.

ఏదో ఫ్యాక్టరీలో నన్ను ఒక్క పోటుతో వంచి, నల్లరంగులో ముంచి, రబ్బరు తొడుగు తొడిగి ఒక తెల్ల కారుకి బిగించారు. నా ఉద్యోగం చాలా చిన్నది. నన్ను తొక్కితే కేబుల్ లాగాలి, ఇంజనూ చక్రాలూ ఒకదాన్నొకటి వదిలెయ్యాలి, ఆ సందులో గేరు పడాలి. కిందికంటా తొక్కితేనే క్లచ్ పూర్తిగా విడుస్తుంది. సగం తొక్కితే సగమే విడిచి, గేరు వేసినప్పుడల్లా గర్రుమని పళ్ళు నూరుతుంది. ఇంతే శాస్త్రం. ఇది తెలియడానికి పెద్ద చదువులక్కర్లేదు, కాస్త వంగి చూస్తే చాలు. ఆ వంగడమే మనవాళ్ళకి చేతకాదు.

మొదటి యజమాని ఒక బ్యాంకు మేనేజరు. మహానుభావుడు, పనున్నా లేకున్నా కాలు నా మీంచి తీసేవాడు కాదు. సోమవారం వేసిన మేజోళ్ళు శనివారం దాకా అవే. రెండోవాడు చీరాల పొగాకు బయ్యరు. తలుపు తీసి బయట ఉమ్మే ఓపిక కూడా లేక కాళ్ళ దగ్గరే... థూ! ఆ తర్వాత కారుని బసవపున్నయ్య కొన్నాడు. నెత్తిన ఎల్ బోర్డు పెట్టి డ్రైవింగ్ స్కూలు తెరిచాడు. ఊరంతా ఆయన్ని మాస్టారనేది. అప్పటిదాకా నేను చూసింది ఉత్త మురికి. అసలు అసహ్యం అక్కడ మొదలైంది.

స్కూలు తెరిచిన రోజున మాస్టారు కారుకి పూజ చేయించి, నా కింద కొత్త రబ్బరు మ్యాట్ పరిచి, దాని మీద పసుపూ కుంకుమా చల్లించాడు. ఆ వారంలోనే పన్నెండు మంది చేరారు. ఇంకేముంది, ఆ మ్యాట్ మీద లక్ష్మి కూర్చుందన్నాడు! లక్ష్మి కూర్చున్నదాన్ని తియ్యకూడదట, దులపకూడదట. మరుసటి దసరాకి పాతదాని మీదే ఇంకోటి పరిచాడు. పై దసరాకి దాని మీద మరోటి. అలా పేరుకుని పేరుకుని ఏడు మ్యాట్లయ్యాయి. రబ్బరువి, కొబ్బరి పీచువి, గడ్డిలా పచ్చగా ఉండే ప్లాస్టిక్‌వి. వాటి మధ్యన నానిన పసుపు, చితికిన నిమ్మతొక్కలు, వాననీళ్ళు, వెంట్రుకలు, బొద్దింకల సంసారం. పైన రోజూ అగరొత్తులు! ఆ రెండు వాసనలూ కలిసిన కంపు పగవాడికి కూడా వద్దు.

ఏడో మ్యాట్ పడ్డాక నేను నేలని తాకడం మానేశాను. రెండు వేళ్ళ ఎత్తులోనే ఆ మెత్తటి చెత్త నన్ను పట్టుకునేది. మాస్టారికేం, నూరు కేజీల మనిషి. బూటుతో ఒక్క తొక్కు తొక్కితే ఏడు మ్యాట్లూ అణిగి క్లచ్ విడిచేది. సన్నటి మనుషులు తొక్కితే మాత్రం గర్రు, గర్రు.

మెకానిక్ మస్తాన్ వలీ కారు కిందికి దూరి కేబుల్ బిగించాడు. నాలుగు రోజులు బాగానే ఉంది, మళ్ళీ మొదటికొచ్చింది. క్లచ్ ప్లేటు మార్చాడు. నిక్షేపంలాంటి పాత ప్లేటుని గుంతలో పారేశాడు, దాని ఉసురు ఊరికే పోదు. కొత్తదీ అలాగే అరిచింది. చివరికి బానెట్టెత్తి కేబుల్ని చేత్తో లాగి చూశాడు. క్లచ్ శుభ్రంగా విడిచింది. "మాస్టారూ, బండిలో ఏ లోపమూ లేదు. తొక్కేవాళ్ళకే తొక్కడం రావట్లేదు" అని చెయ్యి తుడుచుకున్నాడు. పైనుంచి చూశాడు, కిందినుంచి చూశాడు. డ్రైవరు సీటు ముందు మాత్రం చూడలేదు.

ఆ రోజుల్లోనే చౌడేశ్వరి వచ్చింది. నేతపని మనిషి, ముప్పై ఎనిమిదేళ్ళుంటాయి. ఇరవై ఏళ్ళు గుంట మగ్గంలో కూర్చుని తొక్కిన కాళ్ళు. చేనేత సొసైటీవాళ్ళు చీరలు సంతలకి తీసుకెళ్ళడానికి ఒక వ్యాను కొన్నారు. లైసెన్సు తెచ్చుకుంటే ఆ వ్యాను ఆమె చేతికిస్తామన్నారు. ఇక మగ్గం మీద నడుం విరగ్గొట్టుకోవక్కర్లేదు. ఆమె ఆశంతా దాని మీదే.

మొదటిరోజు ఆమె చెప్పులు బయటే విడిచి, లోపలికి వంగి, నన్ను వేళ్ళతో తాకి కళ్ళకద్దుకుంది. మాస్టారు పకపకా నవ్వాడు.

"అదేందమ్మా, క్లచ్చికి దణ్ణం?"

"మగ్గం కాడ అలవాటండీ. కాలితో తొక్కేదాన్ని ముందు చేత్తో ముట్టుకోవాల."

ఇన్నేళ్ళ నా బతుకులో నన్ను చేత్తో తాకింది ఫ్యాక్టరీవాళ్ళు కాకుండా ఆమె ఒక్కతే. ఏడవడానికి నాకు కళ్ళు లేవు గనక సరిపోయింది.

మర్యాద ఆ ఒక్క నిమిషమే. ఆ తర్వాత నెలరోజులూ తిట్లే. "అన్నం తినే వస్తన్నావా? తొక్కు, ఇంకా తొక్కు! మగ్గం అనుకున్నావా ఏంది ఇది?" ఆమె తొడ వణికేదాకా తొక్కేది. "కిందికంటా తొక్కుతున్నానండీ మాస్టారూ" అనేది. నిజమే చెప్పేది. నాకు తెలుసు, నాకొక్కదానికే తెలుసు. నోరులేని పుట్టుక ఎంత నికృష్టమో అప్పుడు తెలిసింది. రెండుసార్లు పరీక్షకెళ్ళింది. రెండుసార్లూ రివర్సు దగ్గర గేరు గర్రుమని, కారు తనంతట తనే పాకి గీత దాటింది. బ్రేక్ ఇన్‌స్పెక్టరు తల అడ్డంగా ఊపాడు. సొసైటీ సెక్రటరీ ఖరాఖండీగా చెప్పాడట: "ఈ శుక్రవారం లోపల తెచ్చుకో. లేదంటే మా బావమరిది ఉండనే ఉన్నాడు."

మూడోసారి పరీక్ష గురువారం పడింది. బయల్దేరే ముందు చౌడేశ్వరి పాదంతో నన్ను మెల్లగా నొక్కి, వదిలి, మళ్ళీ నొక్కింది. తర్వాత మాస్టారి వైపు తిరిగింది.

"మాస్టారూ, ఇది ఇనుము మీద ఆగట్లేదండీ, మెత్తటిదాని మీద ఆగుతుంది. మా గుంటలో కూడా తొక్కుడు కర్ర కింద దూది పేరుకుంటే ఇంతే. కర్ర కిందికి దిగదు, దారాలు పూర్తిగా తెరుచుకోవు, దారం మోసే నాడె మధ్యలో ఇరుక్కుంటది. మా అత్త కూడా ముందు నా కాలినే తిట్టింది. గుంట ఊడిస్తే సరిపోయింది. ఈ మ్యాట్లు తీసి చూద్దామండీ."

మాస్టారి మొహం నల్లబడింది. "చెయ్యి పెట్టావంటే ఊరుకోను! లక్ష్మి కూర్చున్నయ్యి అవి. కాలు చేతగాక నింద మ్యాట్ల మీద పెడతావేంది?"

ఆమె కారుని పరీక్ష ట్రాకుకి పోనిచ్చింది. ట్రాకు మీద ఎనిమిది అంకె బాగానే తిప్పింది. రివర్సు దగ్గర మళ్ళీ గర్రుమంది. ఇన్‌స్పెక్టరు కిటికీ దగ్గరకొచ్చి, "ఆఖరుసారమ్మా, ఇప్పుడు కూడా అరిచిందంటే దిగిపోవడమే" అన్నాడు.

చౌడేశ్వరి ఇంజను ఆపింది. దిగింది. కొంగు నడుముకి దోపుకుని, వంగి, నా కింద చేతులు పెట్టి ఒక్క లాగు లాగింది. ఏడు మ్యాట్లూ ఒక్క ముద్దగా ఊడొచ్చి అందరి ముందూ ట్రాకు మీద పడ్డాయి. పసుపు బురద, కుళ్ళిన నిమ్మతొక్కలు, పరుగో పరుగున బొద్దింకలు! వరసలో నిలబడ్డవాళ్ళు ముక్కులు మూసుకున్నారు. ఇన్‌స్పెక్టరు "ఛీ ఛీ, ఏందయ్యా ఇది" అని నాలుగడుగులు వెనక్కేశాడు. మాస్టారు "అయ్యో, నా లక్ష్మి!" అని పరిగెత్తుకొచ్చాడు.

ఆమె చేతులు చీరకి తుడుచుకుని, ఎక్కి కూర్చుని, నన్ను తొక్కింది. ఇన్నాళ్ళకి టక్కున నేలని తాకాను. రివర్సు గేరు చప్పుడు లేకుండా పడింది. కారు బుద్ధిగా గీత లోపలికెళ్ళి ఆగింది.

శుక్రవారం నాటికి వ్యాను ఆమెదైంది. బావమరిది ఇంట్లోనే ఉండిపోయాడు.

కథ ఇక్కడాగితే మనుషుల మీద నాకు కాస్త గౌరవం మిగిలేది. కానీ పరీక్షనాటి సాయంత్రమే మాస్టారు మ్యాట్లకి నీళ్ళు కూడా తగలనివ్వకుండా, ఒక్కొక్కటీ కళ్ళకద్దుకుని, అదే వరసలో మళ్ళీ నా కింద పరిచాడు. మర్నాడు పొద్దున ఒక నర్సమ్మ నేర్చుకోవడానికొచ్చింది. గర్రుమంది. "కాలికి బలం లేదా అమ్మా?" అన్నాడు.

ఆర్నెల్లకి, ఈ కారుకి క్లచ్ దోషం ఉంది, ఎన్ని చేసినా కుదరదని తేల్చి పాత ఇనుము కొట్టుకి తోలించేశాడు. పంపే ముందు ఒక్క పని మాత్రం మహా భక్తిగా చేశాడు. ఏడు మ్యాట్లనీ జాగ్రత్తగా తీసి, కొబ్బరికాయ కొట్టి, కొత్త కారులో పరుచుకున్నాడు.

ఇప్పుడు నా కింద ఉత్త రేకే. నిన్న ఎవరో కారులోకి తొంగి చూస్తూ బొటనవేలితో తగిలిస్తే చాలు, నేలకంటా వెళ్ళి వచ్చాను. నాలో ఏ లోపమూ లేదు. అసలెప్పుడూ లేదు.