అక్క వాంగ్మూలం

ఈ ఉదయం వంటింటి తలుపు తీస్తే అవతల మున్సిఫు కోర్టు ఉంది. పొయ్యి గట్టు ఉండాల్సిన చోట జడ్జిగారు కూర్చున్నారు. సాక్షి బోనులో మా అక్క మాణిక్యం కత్తిపీట ముందేసుకుని గోరుచిక్కుళ్ళు తరుగుతోంది.

నేను చెప్పులు విడిచి లోపలికి వెళతాను.

"కోనాల వీరభద్రం!" బంట్రోతు కేకేస్తాడు. "ప్లీడరు సన్నదు కోసం వచ్చింది తమరేనా?"

"నేనే."

"తమరే తమరని చెప్పేవాళ్ళు ఒకరు కావాలండి."

సన్నదు లేనిదే కింది కోర్టులో నోరు విప్పే హక్కు లేదు. ఈ పూట దాటితే నాకిక ఇవ్వరు. నన్నెరిగిన మనిషి లోకంలో ఒక్కతే. ఆమె బోనులోనే ఉంది.

"మా తమ్ముడే బాబూ," తలెత్తకుండానే అంటుంది అక్క. "ఒరేయ్ బుల్లోడా, పొద్దున్న పెట్టిన ఉప్మా అలాగే ఉంది. తినేసి మాట్లాడరా!"

జడ్జిగారు నవ్వుతారు. ఆయన ప్రతి పంటి మీదా కోర్టు ముద్ర ఉంది.

"సాక్ష్యం గట్టిగా ఉంది. దీన్ని పడగొట్టు. సన్నదు నీదే."

"పడగొడితే నేను నేను కాకుండా పోతాను కదండీ?"

"అది నీ క్లయింటు బాధ. నువ్వు ప్లీడరువి."

అక్క కళ్ళెగరేస్తుంది. "అడగరా. నీ చదువు కోసం బట్టలు కుట్టీ కుట్టీ నా చూపు మందగించింది. ఏం నేర్చుకున్నావో చూద్దాం."

క్రాస్ ఎగ్జామినేషన్ మొదలుపెడతాను.

"నేను పుట్టినప్పుడు గదిలో ఉన్నావా?"

"నన్నెందుకు రానిస్తార్రా? అరుగు మీదున్నా. మంత్రసాని ఎత్తుకొచ్చి, నీ తమ్ముడే పిల్లా అంది."

"అంటే మంత్రసాని చెప్పిన మాట. విన్నమాట సాక్ష్యం కాదు."

బోను బారెడు వెనక్కి జరుగుతుంది.

"ఆ రాత్రి నిద్రపోయావా?"

"పోయా."

"నిద్రలో పిల్లవాణ్ణి ఎవరైనా మార్చినా నీకు తెలియదు. ఔనా, కాదా?"

"తెలీదు గానీ..."

"గానీ వద్దు."

హాలు సాగుతుంది. బోను వీధి చివరంత దూరం పోతుంది. నేనింత బాగా ఎప్పుడూ మాట్లాడలేదు. జడ్జిగారు ముందుకు వంగి వింటున్నారు.

ప్రతి క్రాసూ ఒకేలా ముగుస్తుంది. నువ్వు చెప్పిందంతా అబద్ధమని ప్లీడరు అంటాడు. కాదని సాక్షి అంటాడు. అదొక తంతు. కాదనకుండా బోను దిగిన సాక్షిని నేను చూడలేదు. అక్క కూడా కాదంటుందన్న ధీమాతో అడిగేస్తాను.

"నేను నీ తమ్ముణ్ణి కాను. నువ్వు అబద్ధం చెబుతున్నావు. నిజమేనా?"

అక్క కత్తిపీట పక్కకి జరుపుతుంది. చేతులు చెంగుకి తుడుచుకుంటుంది. అంత దూరం నుంచి కళ్ళు చికిలించి నన్ను చూస్తుంది.

"నిజమేనండి," అంటుంది. "ఇంక నేనెళ్ళొచ్చాండీ, లాయరుగారూ? ఇంటికాడ నాకెవరూ లేరు. తలుపు తీసొచ్చాను."

ఆమె దిగి వెళ్ళిపోతుంది. "అక్కా" అని పిలవబోతాను. ఆ చుట్టరికం రుజువు కాలేదు కాబట్టి మాట నోట్లోంచి రాదు.

జడ్జిగారు సన్నదు మీద సంతకం చేస్తారు. పేరు మాత్రం రాయరు. ఎవరికిస్తున్నారో కోర్టుకు తెలియదు.

బంట్రోతు నల్లగౌను పట్టుకుంటాడు. చెయ్యి దూరుస్తాను. చెయ్యి వెనకే భుజం, తల, కాళ్ళు కూడా ఆ గౌను చేతిలోకి వెళ్ళిపోతాయి. లోపల సన్నగా వాన పడుతోంది. రెండు వైపులా క్లయింట్లు గోడకి ఆనుకుని నిలబడి ఉన్నారు. ఎవరికీ ముఖం లేదు.

"మేమెవరమో మీరే చెప్పాలండి," అంటూ ఒక్కొక్కరే నా చేతిని తమ మెడ పైకి తీసుకుంటారు. ముఖం ఉండాల్సిన చోట తడి మట్టిలా మెత్తగా ఉంది. నాకు చెయ్యడం వచ్చిన ముఖం ఒక్కటే. అందరికీ అదే దిద్దుతూ పోతాను. అక్క కళ్ళు వరసగా తెరుచుకుంటాయి, ఒక్కటీ నన్ను గుర్తుపట్టదు.