రాతి మీది గ్లాసు

కొత్త వంతెనను వరద ఎత్తుకుపోయిన ఏడాదికి మరుసటి ఏడు ఇది జరిగింది.

కొండవాగుకు అడ్డంగా ఆ మట్టికట్ట వేసింది నేనూ మా తమ్ముడూ. పొర పోయడం, తడపడం, దిమ్మిసతో కొట్టడం, అంతా మేమే. పంపకాల్లో చెరువూ కట్టా తమ్ముడికి వెళ్లాయి. కింద పొలమూ ఇల్లూ నాకొచ్చాయి. కట్ట కింద ఉన్నది మా ఇల్లొక్కటే.

మట్టికట్టకు అడుగున కొంచెం ఊట మామూలే. అది తేటగా ఉన్నంతకాలం భయం లేదు. బురదగా వస్తే మాత్రం నీరు లోపల్నుంచి కట్టను తినేస్తోందని అర్థం. అందుకే మాకొక కట్టుబాటు ఉండేది. చేపలకు మేత వేయడానికి వాడు పొద్దున్నే వస్తాడు. ఊట నీరు గాజు గ్లాసులో పట్టి నా దారి పక్కన రాతి మీద పెట్టాలి. మోకాళ్లు పట్టేశాక ఊట దగ్గరి పొదల్లోకి దిగడం నేను మానేశాను. గ్లాసు చూసేవాణ్ణి, పోయేవాణ్ణి.

"అన్నయ్యా, నీ గ్లాసు ఇవాళ కూడా పాసైంది!" అని వాడు కట్ట మీద నుంచి అరిచేవాడు.

"మీ అన్నదమ్ముల ముచ్చట్లన్నీ ఆ గ్లాసుతోనే," అని మా ఆవిడ నవ్వేది.

ఆ ఏడు వానలు ముందే దిగాయి. చెరువు నిండింది. గ్లాసులో నీరు రోజూ తేటగానే ఉంది. ఒక సాయంత్రం కలుపు తీసి వస్తూ, దాహమేసి ఆ నీళ్లు గొంతులో పోసుకున్నాను. బ్లీచింగ్ వాసన కొట్టింది.

ఊట నీటికి తుప్పు రుచి ఉంటుంది. ఇది తమ్ముడి ఇంటి కుళాయి నీరు.

పొదలు పట్టుకుని దిగాను. ఊట బొటనవేలంత లావున, టీ రంగులో వస్తోంది.

తమ్ముడింటికి వెళ్లాను. కట్ట కింద ఉండాల్సిన వాడి నీటి మోటారు వసారాలో ఉంది.

"ఎన్నాళ్లనుంచిరా?"

వాడు తల దించుకున్నాడు. "చెబితే తూము ఎత్తి నీళ్లు వదిలేయమంటావని... చేపలు ఇంకా అరచేయంత కూడా లేవన్నయ్యా."

"మోటారు మాత్రం పైకి తెచ్చుకున్నావు."

"అది తడిస్తే పాడైపోదూ?"

"మీ వదిన ఆ కిందే పడుకుంటుందిరా."

వాడు మోటారు మీద గోనెపట్టా సర్దాడు.

"తూము తాళంచెవి ఇవ్వు."

"పొద్దున చూద్దాంలే అన్నయ్యా. మనం కొట్టిన కట్ట, ఒక్క రాత్రికే పోతుందా?"

'మనం' అన్నాడు. నేను వచ్చేశాను.

చీకటి పడకముందే మా ఆవిడను మిట్ట మీది బడి వసారాకు తీసుకెళ్లాను. దుప్పటి పరుస్తూ అడిగింది: "మరిది చెప్పాడా, వెళ్లిపొమ్మని?"

"ఆఁ."

"ముందే చెప్పాడు, పాపం. మంచివాడు," అంది.

తెల్లవారగానే గడ్డపారతో తూము తాళం పగలగొట్టాను. తలుపు కొంచెమే ఎత్తాను. నీరు ఒక్కసారిగా దిగితే తడిసిన కట్ట జారుతుంది. తమ్ముడు పరుగున వచ్చాడు. నీటితో పాటు చేపలు పోతుంటే "అన్నయ్యా, అన్నయ్యా" అంటూనే ఉన్నాడు. నీరు సగానికి దిగేదాకా అక్కడే నిలబడ్డాను.

తర్వాత రాతి మీది గ్లాసు తీసి, ఊట దగ్గర నిండా పట్టి, వాళ్ల వసారాలో మోటారు పక్కన పెట్టి వచ్చాను.